ఆరంభించిన పనులు, ముగిసిన పనులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమంలో చదివినవారికి భర్తృహరి సుభాషితాలు బాల్యమిత్రుల వంటివి. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన ఆ పద్యాలలో ఒకటి మానవులను మూడు తరగతులుగా విభజిస్తుంది. ఆటంకాలు కలుగుతాయేమోనన్న భయంతో పనిని మొదలే పెట్టనివారు అధములు. మొదలుపెట్టి, ఆటంకం ఎదురుకాగానే విడిచిపెట్టేవారు మధ్యములు. ఎన్ని ఆటంకాలు వచ్చినా తుదిదాకా సాగించేవారు ఉత్తములు. ఈ విభజన ఎన్నో తరాలుగా విద్యార్థులకు మార్గదర్శకంగా నిలిచింది.

అయితే ఆ పద్యంలో చోటు లేని నాలుగవ తరగతి ఒకటి ఈనాటి నగరజీవితంలో పుట్టుకొచ్చింది. వీరికి భయం లేదు. పది పనులు ఒకేసారి మొదలుపెడతారు. పట్టుదలకూ కొరత లేదు. ఏ ఒక్క పనినీ వదలిపెట్టరు. తెల్లవారకముందే లేస్తారు, అర్ధరాత్రి దాకా శ్రమిస్తారు. అయినా నెల చివర వెనుదిరిగి చూసుకొంటే పూర్తయిన పని ఒక్కటీ కనిపించదు. వారిని అధములనీ మధ్యములనీ అనడం అన్యాయం. ఉత్తములనడానికి ఫలితం లేదు. బెంగళూరు మహానగరంలో ఈ తరగతికి చెందినవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పదవ తరగతి పిల్లలలో ఉన్నారు, వారి తల్లులలో ఉన్నారు, గొప్ప సంస్థలలో ఉన్నత పదవులలోనూ ఉన్నారు.

ఆంధ్రులు ఆరంభశూరులన్న నింద పాతది. నింద మోసేవారు కూడా అది తమ స్వభావదోషమని నమ్మి తలవంచుకొంటారు. ఈ ప్రసంగం చెప్పదలచినది ఒక్కటే: అది చాలావరకు స్వభావంలోని దోషం కాదు, పనుల అమరికలోని దోషం. స్వభావం మారాలంటే జన్మ పడుతుంది. అమరిక మారడానికి ఒక గోడ, కొన్ని చీటీలు, ఒక పెన్సిలు చాలు.

పూర్వం చేతివృత్తులలో పని తనంతట తానే కంటికి కనిపించేది. కుమ్మరివాని వాకిట్లో ఆరుతున్న కుండలు కనిపిస్తాయి. కోసిన మడి ఏదో, కోయవలసిన మడి ఏదో రైతుకు గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. నేతగాని మగ్గం మీద సగం నేసిన చీర కనిపిస్తుంది. ఆ చీర దిగేవరకు ఆ మగ్గం మీద రెండవ చీర ఎక్కదు. అంటే ఆ వృత్తులలో పనిముట్టే పనికి హద్దు చెప్పేది.

నేటి ఉద్యోగి పని అటువంటిది కాదు. జవాబు రాయని ఉత్తరాలు, సగంలో ఆగిన నివేదిక, బ్యాంకువారు అడిగిన పత్రం, పిల్లవాని రుసుము, తల్లిగారి కంటి పరీక్ష, ఊరిలోని పొలం కాగితాలు, ఇవన్నీ తలలో ఉంటాయి. లేదా ఫోనులో ఎక్కడో దాగి ఉంటాయి. తలకు మగ్గం వంటి హద్దు లేదు. ఎన్ని పనులు వేసినా పట్టినట్లే ఉంటుంది. రేపంటే రూపు లేదని సామెత. ఈ పనులకూ అలాగే రూపు లేదు. రూపు లేనిది లెక్కకు రాదు. లెక్కకు రానిదాన్ని తగ్గించడం సాధ్యం కాదు.

అసంపూర్తి పనులు మనసును వదలవన్న అనుభవం అందరిదీ. బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు 1927లో ప్రకటించిన ప్రయోగాలలో, ముగించిన పనులకంటె మధ్యలో ఆపించిన పనులే మనుషులకు ఎక్కువగా గుర్తుండినట్లు కనిపించింది. తరువాతి పరిశోధకులందరికీ ఆ ఫలితం ఒకే విధంగా రాలేదన్నది నిజమే. కాని 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే అమెరికా పరిశోధకులు ఉపయోగకరమైన విషయం ఒకటి చూపారు. ముగియని పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకొన్నవారిని ఆ పని ఆలోచన తక్కువగా బాధించింది. పని ఇంకా పూర్తి కాలేదు. దానికొక స్థానం మాత్రం దొరికింది. ఆ స్థానమే మనసుకు ఊరటనిచ్చింది. పనికి అటువంటి స్థానం కల్పించే సాధనం ఒకటి జపాను దేశపు కర్మాగారంలో పుట్టింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత టొయోటా మోటారు సంస్థ వద్ద ధనం తక్కువ, స్థలం తక్కువ. విడిభాగాలను ముందుగానే కుప్పలు తెప్పలుగా తయారుచేసి పెట్టుకొనే స్తోమత దానికి లేదు. ఆ సంస్థలో యంత్రశాల బాధ్యత వహించిన తాయిచి ఓనో అమెరికాలోని స్వయంసేవా దుకాణాల పద్ధతి నుంచి ఒక సూత్రం గ్రహించారు. అక్కడ కొనుగోలుదారుడు తనకు కావలసిన వస్తువును అలమర నుంచి తీసుకొంటాడు. ఖాళీ అయిన చోటును మాత్రమే దుకాణంవారు నింపుతారు. కర్మాగారంలోనూ అలాగే, తరువాతి విభాగం వాడుకొన్నంత మాత్రమే ముందు విభాగం తయారుచేయాలన్నది ఆయన ఏర్పాటు. వాడిన భాగంతో వచ్చిన చీటీ వెనుకకు వెళుతుంది. చీటీ రానిదే కొత్త భాగం తయారుకాదు. ఆ చీటీ పేరు కాన్‌బాన్. జపాను భాషలో ఆ మాటకు దుకాణం ముందు వేలాడే పేరుపలక అని అర్థం. ఈ పద్ధతి 1950ల దశకంలో యంత్రశాలలో వేళ్లూని, 1960ల దశకంలో సంస్థ అంతటికీ వ్యాపించింది.

ఆ పద్ధతి బెంగళూరువాసులకు దూరపు ముచ్చట కాదు. టొయోటా, కిర్లోస్కర్ సంస్థల ఉమ్మడి వ్యాపారం 1997లో ఏర్పడింది. మైసూరు రహదారిపై బిడది వద్ద వెలసిన కర్మాగారంలో 1999 చివరలో వాహనాల ఉత్పత్తి మొదలైనది. ఆ ఆవరణంలో పని నడిచేది ఈ సూత్రం మీదనే: కావలసినప్పుడు, కావలసినంత, కావలసినదే.

కర్మాగారంలోని ఇనుప భాగాలకు పనికివచ్చిన సూత్రం మేధాశ్రమకు పనికివస్తుందా అన్న ప్రశ్న సహజం. దానికి సమాధానం వెదికినవారిలో బెంగళూరు సంస్థ ఒకటి, హైదరాబాదులోని బృందం ఒకటి ఉన్నాయి.

బెంగళూరు కేంద్రంగా గల విప్రో సంస్థ 2004లో టొయోటా సూత్రాలను సాఫ్ట్‌వేరు రచనకు అన్వయించడం ఆరంభించింది. ఎవరి పని ఎక్కడ ఉన్నదో, ఎక్కడ ఆగినదో బృందంలోని వారందరికీ కనిపించేటట్లు పలకల మీద ఉంచడం అందులో ఒక అంశం. బ్రాడ్లీ స్టాట్స్, డేవిడ్ అప్టన్ అనే పరిశోధకులు తమ సహచరునితో కలిసి ఆ ప్రయత్నాన్ని అధ్యయనం చేసి 2011లో ఫలితాలు ప్రకటించారు. ఆ పద్ధతిని అనుసరించిన ప్రాజెక్టులు అనుసరించని వాటికంటె చాలా అంశాలలో మెరుగుగా నడిచినట్లు వారు కనుగొన్నారు.

అదే 2004లో హైదరాబాదులో మరొక ప్రయత్నం జరిగింది. మైక్రోసాఫ్ట్ సంస్థ సొంత అవసరాలకు వాడుకొనే సాఫ్ట్‌వేరులో చిన్న చిన్న మార్పులు చేసే బృందం అక్కడ ఉండేది. ముగ్గురు రచయితలు, ముగ్గురు పరీక్షకులు. ఒక మార్పు కోరిననాటి నుంచి అది చేతికి అందేసరికి సగటున సుమారు ఐదు నెలలు పట్టేది. ఆ బృందంలో అసమర్థులు లేరు, సోమరులు లేరు. మేనేజరు డ్రాగోస్ దుమిత్రియు, సలహాదారు డేవిడ్ ఆండర్సన్ పరిశీలించగా అసలు సంగతి బయటపడింది. వచ్చిన ప్రతి కోరికకూ ఎన్నాళ్లు పడుతుందో అంచనా వేసి చెప్పడానికే బృందం శక్తిలో సుమారు మూడవ వంతు ఖర్చవుతున్నది. చేతిలోని పనిని ఆపి అంచనా వేయడం, మళ్లీ పాత పనికి రావడం, ఇదే దినచర్య అయింది. అంచనాలు మాన్పించారు. రచయితల ముందు వేచి ఉండే పనుల సంఖ్యకు చిన్న పరిమితి పెట్టారు. ఒకటి ముగిస్తేనే మరొకటి లోపలికి వచ్చే ఏర్పాటు చేశారు. తొలి మెరుగుదల అదనపు మనుషులు లేకుండానే వచ్చింది. ఏడాది గడచేసరికి ఐదు నెలల కాలం రెండు మూడు వారాలకు దిగింది. మనుషుల స్వభావం మారలేదు. అమరిక మాత్రమే మారింది. మేధాశ్రమకు కాన్‌బాన్ పద్ధతిని లోకమంతటా ప్రచారం చేసిన ఆండర్సన్ గ్రంథంలో ఈ ఉదంతానికి ప్రముఖ స్థానం ఉన్నది. అంటే ఆ విద్యకు తొలి ప్రయోగశాలలలో ఒకటి తెలుగునాటనే ఉండేదన్నమాట.

సంస్థలు నేర్చిన ఈ పద్ధతిని ఒంటరి మనిషి నిత్యజీవితానికి తెచ్చినవారు జిమ్ బెన్సన్, టోనియాన్ డిమరియా బారీ. 2011లో వెలువడిన వారి గ్రంథంలో నియమాలు రెండే రెండు: పనిని కంటికి కనిపించేటట్లు పెట్టుకోవాలి, ఒకేసారి చేతిలో ఉండే పనులకు పరిమితి విధించుకోవాలి. మిగిలినదంతా ఎవరి ఇంటికి తగినట్లు వారు దిద్దుకోవచ్చు.

ఆచరణలో అది ఇలా ఉంటుంది. ఇంటిలో అందరి కంటా పడే గోడపై మూడు గడులు గీయాలి. మొదటి గడి పేరు ‘చేయవలసినవి’, రెండవది ‘చేస్తున్నవి’, మూడవది ‘పూర్తయినవి’. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటీ. చీటీపై రాసే మాట ముగింపు తెలిసేటట్లు ఉండాలి. ‘గణితం చదవాలి’ అన్నది పని కాదు. అది జీవితాంతం ముగియదు. ‘త్రికోణమితిలో మొదటి అభ్యాసం లెక్కలు చేయాలి’ అన్నది పని. అది ముగిసినదో లేదో ఎవరైనా చెప్పగలరు. చీటీలన్నీ మొదట ఎడమ గడిలో చేరతాయి. నడిమి గడి పైన ఒక అంకె రాసి ఉంటుంది: పెద్దవారికైతే మూడు, పిల్లలకైతే రెండు. ఆ అంకెకు మించి చీటీలు అందులో ఉండరాదు. నాలుగవ పని ఎంత తొందరదైనా, ఉన్నవాటిలో ఒకటి ముగించి కుడికి పంపాలి. లేదా ఒకదాన్ని తెలిసి తెలిసి వెనుకకు పెట్టాలి. తెలియకుండా పక్కకు జారిపోవడానికి ఇక్కడ వీలు లేదు.

ఈ పద్ధతికి ప్రాణం ఆ అంకెలోనే ఉన్నది. గడులు గీసి, చీటీలు అంటించి, అంకెను మరచినవారికి రంగురంగుల జాబితా ఒకటి మిగులుతుంది తప్ప ఫలితం మిగలదు.

పరిమితి అనగానే పని తగ్గిపోతుందని కొందరికి భయం. కాని పరిమితి వల్లనే పని సాగుతుందనడానికి నిదర్శనాలు పరిసరాలలోనే ఉన్నాయి. ఏకమార్గపు రైలు దారులలో రెండు స్టేషన్ల నడుమ ఒక సమయంలో ఒకే బండి నడవాలన్నది నియమం. బండి నడిపేవారి చేతికి ఇనుప గోళం వంటి టోకెను అందితేనే బండి కదిలే పద్ధతి భారతీయ రైల్వేలలో దీర్ఘకాలం నడిచింది. టోకెను కోసం ఆగిన బండి ఆలస్యం కాదు, అది క్షేమం. 1943లో గాంధీ బజారులో వెలసిన విద్యార్థి భవన్‌లో దోసె పెనం ఎన్ని దోసెలు పట్టునో అన్నే వేస్తారు. బయట ఎంతమంది నిలబడినా పెనం పెద్దది కాదు. అదే ఆ దోసె రుచిని కాపాడిన హద్దు. హద్దు లేకపోతే ఏమవుతుందో చూడదలచినవారు సాయంకాలం సిల్క్ బోర్డు కూడలికి వెళ్లవచ్చు. దారి నిండా వాహనాలు ఉంటాయి, ప్రతి వాహనం ఇంజను పనిచేస్తూనే ఉంటుంది, ముందుకు కదిలేది మాత్రం ఏదీ ఉండదు. నాలుగవ తరగతి మనిషి మనసు ఆ కూడలి వంటిది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులు తెలుగుసీమలోని మోక్షగుండం నుంచి మైసూరు సంస్థానానికి వలస వచ్చినవారు. ఆయన బొంబాయి రాష్ట్రంలో ఇంజనీరుగా ఉన్నప్పుడు దక్కను కాలువల కింద ఖండ సాగు పద్ధతిని ప్రవేశపెట్టారు. కాలువ నీటిని అక్కడక్కడ చెదరిన పొలాలకు పలుచగా పంచక, నిర్ణీత ఖండాలకు క్రమంగా అందించే ఏర్పాటు అది. నీరు పెరగలేదు, చెదరడం తగ్గింది. మనిషి దినానికి ఉండే గంటలూ ఆ కాలువ నీటి వంటివే.

ఇందులోని లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడా చేయగలడు. ఒకనికి మూడు పనులు ఉన్నవి, ఒక్కొక్క పనికి నాలుగు దినాలు పడుతుందని అనుకొనవచ్చు. ఒకదాని తరువాత ఒకటిగా చేస్తే అవి నాలుగవ దినాన, ఎనిమిదవ దినాన, పన్నెండవ దినాన ముగుస్తాయి. సగటున ఒక పని చేతికి వచ్చేది ఎనిమిదవ దినాన. అదే మనిషి అందరినీ మెప్పించాలని దినానికొక పని చొప్పున వంతులు వేసుకొంటే అవి పదవ దినాన, పదకొండవ దినాన, పన్నెండవ దినాన ముగుస్తాయి. సగటు పదకొండు దినాలు. శ్రమ అంతే, దినాలు అన్నే, మనిషి అతడే. అయినా మొదటి పని కోసం వేచినవాడు ఆరు దినాలు అదనంగా వేచి ఉండవలసి వచ్చింది. మూడవ పని ఒక్క దినమైనా ముందుకు రాలేదు. ఒక పని నుంచి మరొక పనికి మారినప్పుడు మనసు కుదుటపడడానికి పట్టే సమయం ఇందులో కలపనేలేదు. అది కలిపితే నష్టం ఇంకా ఎక్కువ.

దీనినే విస్తృతంగా చెప్పే సూత్రాన్ని అమెరికా పరిశోధకుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించారు. దీర్ఘకాలపు సగటు మీద, చేతిలో ఉన్న పనుల సంఖ్య, పనులు ముగిసే వేగానికీ ఒక్కొక్క పనికి పట్టే కాలానికీ లబ్ధంగా ఉంటుంది. వారానికి మూడు పనులు ముగించే మనిషి చేతిలో ఎప్పుడూ పన్నెండు పనులు ఉంటే ఒక్కొక్కటి ముగియడానికి నాలుగు వారాలు పడుతుంది. వేగం అదే ఉండి చేతిలో ఆరు మాత్రమే ఉంటే రెండు వారాలు చాలు. త్వరగా ముగించడానికి త్వరగా పరుగెత్తనక్కరలేదు. తక్కువ మొదలుపెడితే చాలు.

ఇక కొలతల విషయం. చీటీ నడిమి గడికి చేరిన తేదీ ఒక మూల, కుడి గడికి చేరిన తేదీ మరొక మూల రాస్తే చాలు. ఈ రెండు తేదీల నుంచే కావలసిన కొలతలన్నీ వస్తాయి. మొదటిది, ఒక పనికి పట్టిన దినాలు. రెండవది, వారానికి ముగిసిన పనుల సంఖ్య. మూడవది, ఇప్పుడు నడిమి గడిలో ఉన్న చీటీ వయస్సు. ఆదివారం పావుగంట కూర్చుంటే ఈ మూడూ తెలుస్తాయి.

ఇరవై చీటీలు కుడి గడికి చేరిన తరువాత వాటికి పట్టిన దినాలను చిన్నదానినుంచి పెద్దదానికి వరుసగా రాయాలి. పదిహేడవ స్థానంలో ఆరు అన్న అంకె ఉంటే, ఇరవైలో పదిహేడు పనులు ఆరు దినాలలోపల ముగిసినట్లు. ఇకమీదట అటువంటి పని ఎప్పటికవుతుందని ఎవరైనా అడిగితే ఆరు దినాలని చెప్పవచ్చు. ఆ మాట నూటికి ఎనభై అయిదు పాళ్లు నిలుస్తుంది. ‘రేపే అయిపోతుంది’ అన్న మొగమాటపు మాటకు బదులు, గడచిన అనుభవం ఇచ్చిన మాట అది. మాట తప్పడం వల్ల తెగిపోయిన స్నేహాలు, చెడిపోయిన వ్యాపారాలు ఎన్నో ఉన్నవి. వాటిలో చాలా భాగం అబద్ధం వల్ల కాదు, లెక్క తెలియకపోవడం వల్ల జరిగినవే.

మూడవ కొలత మరింత దయగలది. తోటి చీటీలన్నీ ఆరు దినాలలో దాటిపోతుండగా ఒక చీటీ పదిహేను దినాలుగా నడిమి గడిలో ఉన్నదంటే అది ఏదో చెబుతున్నది. ఎవరి సంతకం కోసమో వేచి ఉండవచ్చు. పని మరీ పెద్దదై విడదీయవలసి ఉండవచ్చు. ఎలా చేయాలో తెలియక, అడగడానికి సిగ్గుపడి ఉండవచ్చు. పిల్లల చీటీలలో ఈ మూడవ కారణం తరచుగా కనిపిస్తుంది. ఆ చీటీని చూసిన తల్లి గాని ఉపాధ్యాయుడు గాని ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే పిల్లవాడు మూగవాడవుతాడు. ‘ఎక్కడ ఆగింది’ అని అడిగితే నోరు విప్పుతాడు. రెండు ప్రశ్నల నడుమ ఉన్నది రెండు మాటల తేడాయే. కాని మొదటి ప్రశ్న పిల్లవాని మీదికి పోతుంది, రెండవది పని మీదికి పోతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. ఈ గోడ సాధనంగా ఉన్నంతకాలం మేలు చేస్తుంది. కొరడాగా మారిన నాడు కీడు చేస్తుంది. ఒక కొలతను అదుపుకోసం వాడడం మొదలుపెట్టగానే ఆ కొలత తన విలువను కోల్పోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో హెచ్చరించారు. ‘పక్కింటి అబ్బాయి వారానికి పది చీటీలు ముగిస్తున్నాడు, నీవి నాలుగే’ అని తండ్రి అన్న మరుసటి వారమే పిల్లవాడు ఒక చీటీని మూడుగా చింపుతాడు. అంకె పెరుగుతుంది, చదువు పెరగదు. కార్యాలయాలలోనూ జరిగేది ఇదే. ఎవరి గోడను వారు చూసుకోవడానికే ఈ కొలతలు; ఒకరి గోడతో మరొకరి గోడను పోల్చడానికి కావు.

అన్ని పనులూ చీటీకి రావన్నది రెండవ హెచ్చరిక. తాతగారి పక్కన కూర్చుని కబుర్లు వినడం, సాయంకాలపు ఆట, ఒక పద్యాన్ని కంఠస్థం అయ్యేవరకు మళ్లీ మళ్లీ చదువుకోవడం, ఇవి ముగించవలసిన పనులు కావు. వీటికి సమయం మిగల్చడం కోసమే మిగతా పనులకు చీటీలు.

ఇంటి గోడపై చీటీలు అంటించిన మొదటి ఆదివారం సాధారణంగా ఒక సంగతి తేలుతుంది. తండ్రిగారి చీటీలు ఐదారు ఉంటాయి. పిల్లలవి ఏడెనిమిది ఉంటాయి. తల్లి తన పనులన్నీ రాయడం మొదలుపెడితే గోడ చాలదు. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు దినానికి సగటున 299 నిమిషాలు అందుకు వెచ్చించేవారు. పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. అటువంటి తేడా చాలా ఇళ్లలో ఉన్నది, కాని కనిపించదు. వంట అయిన తరువాత వంట కనిపించదు, ఉతికిన బట్టలలో ఉతికిన చేయి కనిపించదు. గోడపైకి ఎక్కిన నాడు కనిపిస్తుంది. కనిపించిన తరువాత ఒక చీటీని తీసి తన వరుసలో అంటించుకొనే కొడుకో, కూతురో, భర్తో ఉంటే ఆ గోడ గీసినందుకు అదే చాలిన ఫలం.

పాఠశాలకూ ఇటువంటి గోడ అవసరమే. ఐదుగురు ఉపాధ్యాయులు, ఎవరికి వారు మంచి ఉద్దేశంతోనే, ఒకే సోమవారానికి ఐదు ప్రాజెక్టులు ఇస్తారు. ఐదింటినీ మోసేది ఒకే విద్యార్థిని. ఆమె చేతిలోని పనుల సంఖ్యను నిర్ణయించేది ఆమె కాదు. అంకె పెట్టుకొనే హక్కు ఆమెకు లేదు. ఉపాధ్యాయుల గదిలో తరగతికొక వరుస గీసి, ఇచ్చిన పనులను, తేదీలను అంటించుకొంటే ఐదవ చీటీ అంటించే చేయి ఒక్క క్షణం ఆగుతుంది. పిల్లల నిద్రను కాపాడేది ఆ ఒక్క క్షణమే. పిల్లలకు పరిమితి నేర్పదలచిన పెద్దలు ముందుగా తాము వారిపై పెట్టే భారానికి పరిమితి విధించుకోవడం ధర్మం.

డెబ్బై అయిదు సంవత్సరాలుగా కన్నడసీమలో తెలుగు అక్షరాన్ని నిలబెట్టిన పాఠశాల ఆరంభశూరుల వల్ల నిలబడలేదు. ఒక గది కట్టి, దానికి పైకప్పు వేసి, ఆ తరువాతనే రెండవ గదికి పునాది తీసిన పెద్దల వల్ల ఇటువంటి సంస్థలు నిలుస్తాయి. ఒక తరగతిని పైకి పంపి, మరుసటి జూన్‌లో మళ్లీ అక్షరాభ్యాసంతో మొదలుపెట్టిన ఉపాధ్యాయుల వల్ల నిలుస్తాయి. నల్లబల్లకు కూడా ఒక హద్దు ఉన్నది. పాత పాఠం ముగించి తుడిచితేనే కొత్త పాఠానికి చోటు.

భర్తృహరి చెప్పిన ఉత్తములకు ఆటంకాలు బయటినుంచి వచ్చేవి. నేటివారికి చాలా ఆటంకాలు తాము మొదలుపెట్టిన ఇతర పనులే. ఆ సంగతి గ్రహించి, నేటి రాత్రి ఇంటికి వెళ్లిన తరువాత కొత్త సంకల్పమేదీ చేయక, ఇదివరకే ఆరంభించిన పనులన్నిటినీ ఒక కాగితంపై రాసి, వాటిలో ఒక్కదాన్ని ఎంచుకొని ముగించినవారు నాలుగవ తరగతి నుంచి మూడవ తరగతికి తొలి అడుగు వేసినవారవుతారు.

పాఠశాల మరింత అభివృద్ధి చెందాలని, ఇక్కడ చదివే పిల్లలు ఆరంభించిన ప్రతి మంచి పనికీ ముగింపు చూడాలని ఆకాంక్ష. స్వస్తి.